సిస్టర్... ఇక డాక్టర్!

తెల్ల యూనిఫాం, చేతిలో ట్రే, మొహాన చిరునవ్వు... నర్సు అనగానే మన కళ్లముందు కదిలే బొమ్మ ఇదే. ఆ చేతిలో ఓ పరిశోధన గ్రంథాన్ని కూడా ఊహించుకోండి. నర్సింగ్‌లో డాక్టరేట్ చేసి, రేపటి నర్సులకు పాఠాలు చెబుతూ, ఆస్పత్రుల పనితీరునే మార్చగల ‘డాక్టర్ సిస్టర్ల’ చదువు గురించే ఈ వారం ముచ్చట.

‘‘నర్సుకి డాక్టరేటా! ఎందుకండీ? ఇంజెక్షన్ ఇవ్వడానికి పీహెచ్‌డీ కావాలా ఏమిటి?’’

నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేసి, ఇంకా చదువుతానన్న అమ్మాయికి ఇంటా బయటా ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో చుట్టాలుంటారు, పక్కింటివాళ్లుంటారు. ఒక్కోసారి సాటి నర్సులూ ఉంటారు. అందులో వెటకారం ఎంతున్నా అడగాల్సిన ప్రశ్నే అది. సెలైన్ పెట్టడానికి డాక్టరేట్ అక్కర్లేదు. మరెందుకు?

సమాధానం ఓ చిన్న లెక్కలో ఉంది. ఒక నర్సింగ్ కాలేజీలో ఏడాదికి అరవై మంది చేరతారనుకుందాం. ఒక అధ్యాపకురాలు అక్కడ పాతికేళ్లు పాఠాలు చెబితే ఆమె చేతులమీదుగా పదిహేను వందల మంది నర్సులు బయటికొస్తారు. వాళ్లు ఒక్కొక్కరూ రోజుకి పది మంది రోగుల్ని కనిపెట్టుకుని ఉంటే... పదిహేను వేల మంచాల పక్కన ఆ టీచరు చెప్పిన పాఠం నిలబడి ఉంటుంది. చెప్పింది సరైన పాఠమైతే పదిహేను వేల మందికి మేలు. పాతబడిన పాఠమైతే, అన్ని మంచాల దగ్గరా అదే పొరపాటు.

అందుకే ఆ ఒక్క టీచరు ఎంత చదివిందన్నది ఆమె సొంత విషయం కాదు. రేపో మాపో ఆస్పత్రిలో చేరబోయే మనందరి విషయం.

దీపం పట్టిన చేతిలో లెక్కల పుస్తకం

ఫ్లోరెన్స్ నైటింగేల్ అంటే మన పాఠ్యపుస్తకాల్లో దీపం పట్టుకున్న దేవత. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్లి, గాయపడ్డ సైనికులకు సేవచేసిన తల్లి. అంతవరకూ అందరికీ తెలుసు. పగలు సేవ చేసిన ఆ చేతులే ఎవరు ఎప్పుడు ఎందుకు చనిపోతున్నారో లెక్కలు రాశాయన్నది చాలామందికి తెలియదు. గాయాల వల్ల పోయినవారికంటే రోగాల వల్ల పోయినవారే ఎక్కువని ఆమె రంగుల పటాలు గీసి మరీ చూపించింది. మురుగు కాలువలు బాగుచేయండి, గాలి వెలుతురు రానివ్వండి అని ప్రభుత్వంతో పోరాడింది. లండన్‌లోని స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన తొలి మహిళ ఆవిడే.

ఆ తర్వాత 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల బడి పెట్టించింది. సేవతోపాటు పరిశోధన, బోధన, నాయకత్వం... నేటి నర్సింగ్ డాక్టరేట్‌లో ఉన్నవన్నీ నైటింగేల్ జీవితంలోనే ఉన్నాయన్నమాట. కాకపోతే వాటికి డిగ్రీ పేరు పెట్టడానికి లోకానికి మరో అరవై డెబ్భై ఏళ్లు పట్టింది.

పని చేయించుకోవడమే... చదువా?

ఆ రోజుల్లో నర్సింగ్ బళ్లు ఎలా ఉండేవో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అమెరికాలో చాలా ఆస్పత్రులు సొంతంగా నర్సింగ్ స్కూళ్లు పెట్టుకున్నాయి. చదువుకోవడానికి వచ్చిన అమ్మాయిలతోనే వార్డులన్నీ నడిపించేవి. పొద్దుట్నుంచి రాత్రిదాకా పని. మిగిలిన కాస్త సమయంలో, కళ్లు మూతలు పడుతుంటే పాఠం. ఆస్పత్రికి జీతం లేని పనివాళ్లు దొరికినట్టే.

నర్సుల్ని తయారుచేయాలంటే ముందు వాళ్లకు చదువు చెప్పే నర్సుల్ని తయారుచేయాలన్న ఆలోచన న్యూయార్క్‌లో మొలకెత్తింది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీలో 1899లో నర్సుల కోసం ప్రత్యేకంగా ఓ కోర్సు మొదలైంది. అక్కడే 1907లో మేరీ అడిలైడ్ నట్టింగ్ ప్రొఫెసరయ్యారు. ప్రపంచంలోనే నర్సింగ్‌కి తొలి ప్రొఫెసర్ ఆమె. 1923లో వెలువడిన గోల్డ్‌మార్క్ నివేదిక, నర్సుల చదువుని వార్డు చాకిరీ నుంచి విడదీయాలని గట్టిగా చెప్పింది. 1920ల్లోనే టీచర్స్ కాలేజీ నర్సులకు విద్యాబోధనలో డాక్టరేట్ దారి తెరిచింది. 1934లో న్యూయార్క్ యూనివర్సిటీ నర్సుల కోసం పీహెచ్‌డీ మొదలుపెట్టింది.

గమనించారా... నర్సుల మొదటి డాక్టరేట్ మందుల గురించో రోగాల గురించో కాదు. పాఠం చెప్పడం గురించి!

అలా చదివినవారిలో హిల్డెగార్డ్ పెప్లౌ ఒకరు. మానసిక రోగులతో నర్సు ఎలా మాట్లాడాలి, ఎలా వినాలి, ఆ అనుబంధమే ఓ మందుగా ఎలా పనిచేస్తుంది అని లోతుగా ఆలోచించారు. పుస్తకం రాశారు. ‘డాక్టరు పేరు పక్కన లేకుండా నర్సు ఒక్కతే పుస్తకం రాయడమేమిటి?’ అన్న ధోరణి వల్ల అది అచ్చు కావడానికి నాలుగేళ్లు ఆలస్యమైంది. చివరికి 1952లో వెలువడింది. మరుసటి ఏడాదే ఆమె డాక్టరేట్ అందుకున్నారు. మానసిక వైద్యంలో నర్సింగ్‌కు ఆ పుస్తకమే పునాది అయింది.

నలభై మూడు వేల మందికి ఒక్కరు!

ఇక మన దేశానికి వద్దాం. 1871లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉండేవి. గుంటూరులో 1898లో డాక్టర్ ఆనా కుగ్లర్ ఆస్పత్రి తెరిచారు. ఇలాంటి మిషన్ ఆస్పత్రులే చాలా ఊళ్లలో నర్సింగ్ నేర్పిన తొలి బళ్లు.

అయినా స్వాతంత్ర్యం వచ్చేనాటికి పరిస్థితి ఎలా ఉందంటే... 1946లో భోర్ కమిటీ తేల్చిన లెక్క ప్రకారం ఆరువేల మందికి ఒక డాక్టరు ఉంటే, నలభై మూడు వేల మందికి ఒక నర్సు! ప్రపంచమంతటా డాక్టర్ల కంటే నర్సులు ఎక్కువుండాలి. మన దగ్గర లెక్క తలకిందులుగా ఉంది.

ఆ ఏడాదే ఢిల్లీలోనూ వెల్లూరులోనూ నర్సింగ్‌లో బీఎస్సీ మొదలైంది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఢిల్లీ కాలేజీకి తర్వాత మన తొలి ఆరోగ్యశాఖ మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పేరు పెట్టారు. 1959లో ఎమ్మెస్సీ, 1986లో ఎంఫిల్, 1990ల తొలినాళ్లలో పీహెచ్‌డీ... ఒక్కో మెట్టూ అక్కడే పడింది. 2005లో భారత నర్సింగ్ కౌన్సిల్, బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కలిసి ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో నర్సింగ్ పీహెచ్‌డీ కోసం ఓ జాతీయ కన్సార్షియం ఏర్పాటుచేశాయి. దూరదూరాల్లో ఉన్న గైడ్‌లనూ విద్యార్థులనూ ఒక్క గొడుగు కిందికి తేవడమే దాని ఉద్దేశం.

బీఎస్సీ నుంచి పీహెచ్‌డీకి చేరడానికి మన దేశానికే నాలుగు దశాబ్దాలు దాటింది. ఇక ఓ పల్లెటూరి అమ్మాయికి ఆ దూరం ఎంతనిపిస్తుందో ఊహించుకోవచ్చు.

మంచం పక్కన పుట్టిన ప్రశ్నలు

‘సరే, ఇంతమంది ఇన్నేళ్లు పరిశోధన చేసి ఏం సాధించారు?’ అనిపిస్తోందా? రెండే రెండు ఉదాహరణలు చూద్దాం.

పక్షవాతంతోనో తుంటి విరిగో మంచానపడ్డ పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ‘పడకపుండ్లు’ అన్న మాట వినే ఉంటారు. ఒక్కసారి పుండు పడితే మానడం నరకం. అసలు పడకముందే ఎవరికి ముప్పుందో కనిపెట్టలేమా? అమెరికాలో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సులు ఇదే ఆలోచించారు. రోగికి స్పర్శ తెలుస్తోందా, ఒంటికి తడి తగులుతోందా, లేచి తిరుగుతున్నారా, మంచంలో అటూ ఇటూ కదలగలుగుతున్నారా, తిండి సరిగా తింటున్నారా, చర్మం దుప్పటికి రాసుకుంటోందా... ఈ ఆరు ప్రశ్నలకు మార్కులు వేసే ఓ చిన్న కొలబద్ద తయారుచేసి 1987లో ప్రకటించారు. మార్కులు 6 నుంచి 23 దాకా. ఎంత తగ్గితే అంత ముప్పు. ఖరీదైన యంత్రం లేదు, రక్తపరీక్ష లేదు. ఒక కాగితం, చూసే కన్ను చాలు. ఇవాళ ఎన్నో దేశాల ఆస్పత్రుల్లో ‘బ్రేడెన్ స్కేల్’ రోజువారీ పనిలో భాగం.

రెండోది లిండా ఐకెన్ కథ. నర్సుగా మొదలై, డాక్టరేట్ చేసి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారామె. నర్సుల చదువుకీ రోగుల ప్రాణాలకీ సంబంధం ఉందా అన్నది ఆమె ప్రశ్న. ఐరోపాలోని తొమ్మిది దేశాల్లో 300 ఆస్పత్రుల్లో, ఆపరేషన్ చేయించుకున్న నాలుగు లక్షల మందికి పైగా రోగుల వివరాలు ఆమె బృందం పరిశీలించింది. 2014లో లాన్సెట్ పత్రికలో ఫలితాలొచ్చాయి. డిగ్రీ చదివిన నర్సుల వాటా పది శాతం ఎక్కువున్న చోట, ఆస్పత్రిలో చేరిన నెలలోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం తక్కువ. ఒక్కో నర్సు మీద ఒక్క రోగి భారం అదనంగా పడితే ఆ అవకాశం 7 శాతం ఎక్కువ. చదువు ఒక్కటే దీనికి కారణమని ఇలాంటి అధ్యయనం తేల్చి చెప్పలేదు నిజమే. కానీ ‘నర్సు ఎంత చదివితే ఏముందిలే’ అనే నోళ్లు మూయించడానికి ఆ అంకెలు చాలు.

ఈ రెండు ప్రశ్నలూ ప్రయోగశాలలో పుట్టలేదు. మంచం పక్కన పుట్టాయి. రోజంతా రోగి దగ్గరుండేది నర్సే కాబట్టి అవి ఆమెకే తట్టాయి. తట్టిన ప్రశ్నను పట్టుకుని జవాబు దాకా ఎలా వెళ్లాలో నేర్పేదే డాక్టరేట్.

ఒక డాక్టరేట్... మూడు దారులు

నర్సింగ్‌లో డాక్టరేట్ అంటే ఒకటే కాదు. అమెరికాలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

పీహెచ్‌డీ: కొత్త విషయం కనిపెట్టేవారికి. సమస్యను ఎంచుకుని, ఏళ్ల తరబడి పరిశోధించి సిద్ధాంత గ్రంథం రాయాలి. మన దేశంలో ప్రధానంగా ఉన్నది ఈ దారే.

డీఎన్‌పీ: అంటే డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్. ఇప్పటికే రుజువైన విషయాల్ని వార్డులోకి తెచ్చి అమలుచేసేవారికి, ఆస్పత్రుల్ని నడిపించాలనుకునేవారికి. సిద్ధాంత గ్రంథం బదులు ఒక ప్రాజెక్టు చేయాలి. డిగ్రీ తర్వాత నిర్ణీత గంటల ప్రాక్టీసు కూడా కావాలి. 2001లో కెంటకీ విశ్వవిద్యాలయం దీనికి శ్రీకారం చుట్టింది. ఇప్పుడు అమెరికాలో దీనికే గిరాకీ.

ఈడీడీ: డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్. నర్సింగ్ ఎలా నేర్పాలి, సిలబస్ ఎలా తయారుచేయాలి, విద్యార్థి నేర్చుకున్నాడో లేదో ఎలా కొలవాలి అన్నవాటి మీద దృష్టి.

ఇంకాస్త తేలిగ్గా చెప్పాలంటే... కొత్త వంట కనిపెట్టేది పీహెచ్‌డీ. ఆ వంటను వెయ్యి మందికి రుచి చెడకుండా వండి వడ్డించేది డీఎన్‌పీ. వంట రానివాళ్లకు వంట నేర్పేది ఈడీడీ. ఏది గొప్ప అంటే... ఆకలితో కూర్చున్నవాడికి మూడూ కావాలి.

‘చూసి నేర్చుకో’ చాలదు

‘నేను మా సీనియర్‌ని చూసి నేర్చుకున్నా, నువ్వూ నన్ను చూసి నేర్చుకో’. వార్డుల్లో తరతరాలుగా నడిచిన బోధన ఇదే. ఇందులో మంచీ ఉంది, ముప్పూ ఉంది. సీనియర్ చేసే మంచి పనితోపాటు ఆమె తొందర, ఆమె అడ్డదారులు కూడా వారసత్వంగా వచ్చేస్తాయి.

అమెరికాకు చెందిన ప్యాట్రీషియా బెన్నర్ ఈ నేర్చుకోవడం మీదే పరిశోధన చేశారు. 1984లో వచ్చిన ఆమె పుస్తకం నర్సు ఎదుగుదలను అయిదు దశలుగా చూపించింది. మొదటి దశలో ఉన్న అమ్మాయి సూత్రాలు పట్టుకుని వేలాడుతుంది. బీపీ ఇంత, నాడి ఇంత అని చూసుకుంటుంది. అయిదో దశకు చేరినావిడ రోగి మొహం చూసి ‘ఇతనికేదో తేడాగా ఉంది’ అని ముందే పసిగడుతుంది. మొదటి దశ నుంచి అయిదో దశకు నడిపించడం ఎలా? అందరికీ ఒకే పాఠం చెబితే కుదరదు. ఎవరు ఏ మెట్టు మీదున్నారో తెలిసి చెప్పాలి. అలా చెప్పడం కూడా ఓ విద్యే. దానికీ చదువుంది.

ఇంజెక్షన్ నేర్పే విషయమే తీసుకోండి. ఒకప్పుడు తొలిసారి సూది గుచ్చేది ఎవరో అమాయక రోగికే. ఇప్పుడు ముందు బొమ్మ మీద చేయించాలి. అదే సిమ్యులేషన్. మన దేశంలో 2021లో గెజిట్‌లో వచ్చిన బీఎస్సీ నర్సింగ్ కొత్త నిబంధనల్లో సెమిస్టర్ పద్ధతితో పాటు దీనికీ చోటిచ్చారు. అయితే ల్యాబ్‌లో ఖరీదైన బొమ్మ కొని పెట్టగానే సరిపోదు. దాంతో ఏ పరిస్థితిని సృష్టించాలి, విద్యార్థి తడబడితే ఏం చేయాలి, అయిపోయాక కూర్చోబెట్టి ఏం మాట్లాడాలి... ఇదంతా తెలిసిన టీచరు లేకపోతే ఆ బొమ్మ గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంటుంది.

మెమో ఇవ్వడం నాయకత్వం కాదు

ఒక వార్డులో నర్సు ఒక మందు బదులు ఇంకో మందు ఇవ్వబోయింది. చివరి క్షణంలో చూసుకుని ఆపేసింది. మామూలుగా అయితే ఏం జరుగుతుంది? ఆ నర్సుకి మెమో ఇస్తారు. నలుగురిలో చీవాట్లు పెడతారు. దాంతో మరోసారి అలాంటిది జరిగితే ఎవరూ పైకి చెప్పరు.

నాయకత్వం చదువుకున్నావిడ అడిగే ప్రశ్న వేరు. ‘తప్పు ఎవరిది?’ అనదు. ‘తప్పు ఎక్కడుంది?’ అంటుంది. వెళ్లి చూస్తే... రెండు మందు సీసాలూ ఒకే సైజు, ఒకే రంగు మూత. అలమరలో పక్కపక్కనే ఉన్నాయి. అది అర్ధరాత్రి డ్యూటీ. ఆ అమ్మాయి మీద ఉండాల్సినదానికి రెట్టింపు మంది రోగుల భారం. సీసాల్ని విడదీసి పెడితే, పెద్ద అక్షరాల చీటీ అతికిస్తే, డ్యూటీ చార్టు మారిస్తే రేపు ఇంకెవరూ ఆ తప్పు చేయరు.

మందుల భద్రత ఒక్కటే కాదు... ఇన్ఫెక్షన్లు అరికట్టడం, ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులుండాలో లెక్కలతో సహా యాజమాన్యం ముందు పెట్టడం, ప్రభుత్వ కమిటీల్లో నర్సుల తరఫున మాట్లాడటం... ఇవన్నీ నాయకత్వమే. ‘మాకు కష్టంగా ఉందండీ’ అంటే వినేవాళ్లు తక్కువ. ‘మా ఆస్పత్రిలో ఆరు నెలల వివరాలివీ, నర్సులు తగ్గిన షిఫ్టుల్లో ఇలా జరిగింది’ అని కాగితం పెడితే ఎవరైనా ఆగి చూడాల్సిందే. ఆ కాగితం తయారుచేయడం నేర్పుతుంది డాక్టరేట్.

ఎక్కాల్సిన మెట్లు

సరే, మన అమ్మాయి... ఈ రోజుల్లో మన అబ్బాయి కూడా... ఆ దారిన వెళ్లాలంటే ఏం చేయాలి?

ఇంటర్ తర్వాత బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఆ తర్వాత కనీసం ఏడాది అనుభవం. ఎమ్మెస్సీ నర్సింగ్ రెండేళ్లు. ఇందులో పెద్దల జబ్బులు-శస్త్రచికిత్స, పిల్లల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం, ప్రసూతి-స్త్రీల ఆరోగ్యం అని అయిదు విభాగాలుంటాయి. జీఎన్‌ఎం చేసినవాళ్లూ నిరాశపడక్కర్లేదు. రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి ఎమ్మెస్సీ మెట్టెక్కొచ్చు. ఆ తర్వాతే పీహెచ్‌డీ.

పదిహేడో పద్దెనిమిదో ఏట ఇంటర్ అయితే, ఎమ్మెస్సీ పూర్తయ్యేసరికి పాతికేళ్లొస్తాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్లు ఇవ్వొచ్చు. మహిళలకు దానిమీద మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. మొత్తం పదేళ్లు మించకూడదు. ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల దాకా సెలవు ఇచ్చే వీలూ ఉంది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గానూ చేయొచ్చు. కాకపోతే పనిచేస్తున్న సంస్థ నుంచి ఒప్పుకోలు పత్రం తేవాలి.

చేరాక మొదట కోర్సు వర్క్ ఉంటుంది. పరిశోధన పద్ధతులు, గణాంకాలు, నైతిక నియమాలు నేర్చుకోవాలి. తర్వాత అసలు ప్రశ్న. ఉదాహరణకు ఒకావిడ ఇలా మొదలుపెట్టొచ్చు... షుగరున్న పల్లె మహిళలకు ‘చెప్పుల్లేకుండా నడవొద్దమ్మా, రోజూ పాదాలు చూసుకో’ అని డిశ్చార్జి రోజున చెబుతాం. ఇంటికెళ్లాక ఎంతమంది పాటిస్తున్నారు? నోటిమాటగా చెబితే ఎక్కువ గుర్తుంటుందా, బొమ్మల కార్డు ఇచ్చి వారానికోసారి ఫోన్ చేస్తే ఎక్కువ గుర్తుంటుందా? వినడానికి చిన్న ప్రశ్నే. జవాబు దొరికితే ఎన్ని కాళ్లు నిలబడతాయో!

ఆ ప్రశ్నతో ఎథిక్స్ కమిటీ ముందుకెళ్లాలి. అనుమతి తెచ్చుకోవాలి. ఊళ్లు తిరగాలి, వివరాలు రాసుకోవాలి, లెక్కలు కట్టాలి. గ్రంథం రాసి, చివరికి వైవాలో నిపుణుల ప్రశ్నలకు నిలబడి సమాధానం చెప్పాలి.

‘ఇంకా చదువేంటే?’

నిబంధనల పుస్తకంలో లేని పరీక్షలు ఇంకొన్ని ఉన్నాయి. అసలు కష్టమంతా అక్కడే.

మొదటిది ఇల్లు. పాతికేళ్లకు ‘పెళ్లి ఎప్పుడు?’, పెళ్లయితే ‘పిల్లలెప్పుడు?’, పిల్లలు పుడితే ‘ఇంకా చదువేంటే?’ నైట్ డ్యూటీ చేసొచ్చి, పొద్దున్నే క్యారేజీలు సర్ది, పిల్లల్ని స్కూలు బస్సెక్కించి, అప్పుడు పుస్తకం తీయాలి. ‘నువ్వు రాసుకో అమ్మాయ్, వంట నేను చూస్తాలే’ అనే అత్తగారు దొరికితే ఆ గ్రంథంలో సగం ఆవిడ రాసినట్టే.

రెండోది విమానం. ఎమ్మెస్సీ చేసిన నర్సుకి గల్ఫ్, బ్రిటన్, అమెరికా చేతులు చాస్తాయి. అక్కడ ఒక నెల జీతం ఇక్కడ చాలా నెలల జీతానికి సమానం. చెల్లెలి పెళ్లి, నాన్న చేసిన అప్పు కళ్లముందుంటే, మరో అయిదేళ్లు చదువుకుని ఇక్కడే పాఠాలు చెప్పమని ఆమెకు ఏ నోటితో చెబుతాం? వెళ్లేవాళ్లది తప్పు కాదు. ఉండేవాళ్లకు తగిన జీతం, గౌరవం ఇవ్వకపోవడమే తప్పు.

మూడోది గైడ్. యూజీసీ లెక్కప్రకారం ఒక ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి ఒకేసారి మార్గదర్శకత్వం వహించకూడదు. పీహెచ్‌డీ ఉన్నవాళ్లు తక్కువైతే గైడ్‌లు తక్కువ. గైడ్‌లు తక్కువైతే కొత్త పీహెచ్‌డీలు తక్కువ. గుడ్డు ముందా, కోడి ముందా అన్నట్టుంటుంది వ్యవహారం.

నాలుగోది గుర్తింపు. కాలేజీ ప్రిన్సిపాల్‌కి పీహెచ్‌డీ ‘ఉంటే మంచిది’ అంటుంది నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. ‘ఉండి తీరాలి’ అనదు. వార్డులోనేమో ‘డాక్టర్’ అని పేరు ముందు పెట్టుకుంటే ఎగాదిగా చూసేవాళ్లుంటారు. రోగి తికమకపడకుండా ‘నేను నర్సుని, నర్సింగ్‌లో డాక్టరేట్ చేశాను’ అని స్పష్టంగా చెప్పడం మర్యాద. ఆ మాట విని గౌరవించడం మిగతావారి మర్యాద.

చేరేముందు ఇవి చూసుకోండి

డాక్టరేట్ అన్న మాటకున్న మోజును సొమ్ము చేసుకునేవాళ్లూ ఉంటారు. అందుకే జాగ్రత్త.

• విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉందా? నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీయే ప్రకటిస్తుంటుంది. ఒకసారి సరిచూసుకోండి.

• ‘ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో పీహెచ్‌డీ’ అన్న ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేయండి. యూజీసీ నిబంధనలు దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ పీహెచ్‌డీని ఒప్పుకోవు.

• విదేశాల్లో డీఎన్‌పీ, ఈడీడీ చాలాచోట్ల ఆన్‌లైన్లోనే దొరుకుతాయి. అక్కడ ఉద్యోగం చేస్తున్నవాళ్లకు అవి సౌకర్యమే. తిరిగొచ్చి ఇక్కడ పాఠాలు చెప్పాలనుకుంటే మాత్రం ఆ డిగ్రీ మనదగ్గర చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

• విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమైనా, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమైనా, పొరుగు రాష్ట్రాలవైనా ప్రకటనలు ఏటా మారుతుంటాయి. తాజా నోటిఫికేషన్ చదివాకే నిర్ణయించుకోండి.

• కాలేజీ పేరుకంటే గైడ్ ముఖ్యం. ఆవిడ దగ్గర చదివినవాళ్లు ఎన్నేళ్లకు పూర్తిచేశారో వాళ్లనే అడగండి.

• ప్రశ్న మీ సొంతమై ఉండాలి. అరువు తెచ్చుకున్న ప్రశ్నతో అయిదేళ్లు కాపురం చేయడం కష్టం.

పాఠం చెప్పేదెవరు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం లోకంలో దాదాపు మూడు కోట్ల మంది నర్సులున్నారు. ఇంకా 58 లక్షల మంది కావాలి. మన కేంద్ర ప్రభుత్వం 2023-24 బడ్జెట్‌లో 157 కొత్త నర్సింగ్ కాలేజీలు ప్రకటించింది. అదే ఏడాది జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. 1947 నాటి చట్టం స్థానంలో తెచ్చిన చట్టమది. కాలేజీలు రావడం సంతోషమే. భవనం ఏడాదిన్నరలో లేస్తుంది. బెంచీలు నెలలో వస్తాయి. పదిమంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ లెక్క. డాక్టరేట్ ఉన్న టీచరు తయారు కావడానికి ఇంటర్ నుంచి లెక్కేస్తే పదేళ్లకు పైనే!

అంటే 2035లో మన ఊరి ఆస్పత్రిలో ఎలాంటి నర్సు ఉంటుందన్నది అప్పుడు తేలే విషయం కాదు. ఇవాళ ఏదో ఒక ఇంట్లో, ఎమ్మెస్సీ పూర్తిచేసిన ఓ అమ్మాయి ‘ఇంకా చదువుకుంటాను’ అన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఏమంటారన్న దాన్నిబట్టి తేలుతుంది.

మీ ఇంట్లో అలాంటి అమ్మాయి ఉంటే... ‘ఎందుకు?’ అని అడగండి, తప్పులేదు. జవాబు పూర్తిగా విన్నాక మాత్రం ‘సరే, చదువమ్మా’ అనండి!